బొగ్గుబస్సు నుండి ఉదజని కారు వరకు

రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు కరవయ్యెను. ప్రకాశం జిల్లా అప్పటికి ఏర్పడలేదు. ఆనాడు గుంటూరు, ఒంగోలు బాటలలో బొగ్గుబస్సు ఎక్కినవారు నేటికిని కొందరు ఉందురు. బస్సు వెనుక ఇనుప కొలిమిని అమర్చి, అందు కట్టెబొగ్గును కాల్చి, వెలువడు వాయువుతో యంత్రమును నడిపెడివారు. ఆ వాయువునందు మండునవి ముఖ్యముగా రెండు: కార్బన్ మోనాక్సైడు, ఉదజని. హైడ్రోజన్ అనునది ఈ ఉదజనియే. కావున మన నల్లరేగడి నేలపై ఉదజని బండి లాగుట క్రొత్త కాదు. అయితే నేటి ఉదజని కారులో మంట ఉండదు.

నీటిలో విద్యుత్తును ప్రసరింపజేసినచో అది ఉదజని, ఆమ్లజని అను వాయువులుగా విడివడును. ఈ పనిని వెనుకకు త్రిప్పి, ఆ రెండింటిని కలిపి విద్యుత్తును పుట్టింపవచ్చునని విలియం గ్రోవ్ 1839 ప్రాంతమున చూపెను. ఆ సాధనమే ఇంధనఘటము. 1959లో ఇంగ్లండున ఫ్రాన్సిస్ బేకన్ 5 కిలోవాట్ల ఘటమును నడిపి చూపెను. చంద్రయాత్ర చేసిన అపోలో నౌకలకు విద్యుత్తును, త్రాగునీటిని ఇట్టి ఘటములే సమకూర్చెను. 1966లో అమెరికాలోని జనరల్ మోటార్సు సంస్థ దీనిని ఒక వానులో అమర్చెను గాని, తొట్లు, గొట్టములు బండినంతయు ఆక్రమింపగా ఇద్దరు కూర్చుండుటకే చోటు మిగిలెను. 2014లో టయోటా సంస్థ జపానులో మిరాయి కారును విక్రయమునకు పెట్టెను. దానికి కొద్ది నిమిషములలో ఇంధనము నిండును; పొగకు మారు నీరు వెలువడును.

మరి ఈ కారు ఏల వ్యాపింపలేదు? లోపము యంత్రములో కంటె బాట ప్రక్కన ఎక్కువ. ఉదజనిని వాతావరణపు ఒత్తిడికి దాదాపు 700 రెట్లు అదిమి నింపవలెను. అట్టి బంకు కట్టుటకు వ్యయము మిక్కుటము. కార్లు తక్కువని బంకులు రావు; బంకులు లేవని కార్లు కొనరు. 2024లో షెల్ సంస్థ కాలిఫోర్నియాలో కార్లకు ఉదజని నింపు తన బంకులను మూసివేసెను. బొగ్గుబస్సు నాసిరకపు బండియే. అయినను బొగ్గు ఊరూర దొరకుటచే నడచెను. పెట్రోలు మరల దొరకగనే మాయమయ్యెను.

మన దేశమున 2022లో మిరాయి కారును పరీక్షార్థము ప్రవేశపెట్టిరి. 2023 జనవరిలో కేంద్రప్రభుత్వము 19,744 కోట్ల రూపాయలతో హరిత ఉదజని పథకమును ఆమోదించెను. 2025 జనవరిలో అనకాపల్లి జిల్లా పూడిమడకలో నెలకొల్పదలచిన ఉదజని కేంద్రమునకు శంకుస్థాపన జరిగెను. లోకమున తయారగు ఉదజనిలో అధికభాగము సహజవాయువు, బొగ్గుల నుండియే వచ్చుచున్నది. ఎండ, గాలి ఇచ్చు విద్యుత్తుతో నీటిని విడదీసిననే అది నిర్మలమైన ఇంధనము.

శ్రోతలారా, గుంటూరు యార్డునకు మిరప టిక్కీలను, మిల్లులకు పత్తి బేళ్ళను చేర్చు లారీలు తరచు ఎరిగిన బాటలనే తిరుగును. అట్టి బాటకు రెండు మూడు బంకులైనను చాలును. కావున మన సీమకు ఉదజని వచ్చినచో కారుకంటె ముందు లారీతోనే రావచ్చును. అప్పుడు బండి సొగసు చూచుటకు ముందు, నింపు చోటు ఎక్కడ, కిలో వెల ఎంత అని అడుగవలెను. బొగ్గుబస్సు మనకు నేర్పిన పాఠము ఇదియే.