స్టెరాయిడ్ మందుల క్రమ విరమణ

స్టెరాయిడ్ మందుల క్రమ విరమణ అనగా చాలా వారాలు లేదా నెలల పాటు వాడిన కార్టికోస్టెరాయిడ్ మందు మోతాదును కొద్దికొద్దిగా తగ్గిస్తూ చివరకు మానివేసే వైద్య విధానం. ఉబ్బసం, కీళ్ళవాతం, ల్యూపస్, నెఫ్రోటిక్ సిండ్రోమ్ వంటి వ్యాధులలోను, అవయవ మార్పిడి తరువాతను ఈ మందులను దీర్ఘకాలం వాడవలసి వస్తుంది. వీటిని ఒక్కసారిగా ఆపితే ప్రాణాపాయం కలగవచ్చు. నెమ్మదిగా తగ్గించినప్పుడు కూడా కొందరికి నీరసం, ఒళ్ళు నొప్పులు, వికారం వంటి బాధలు కలుగుతాయి. ఈ బాధలకు ముఖ్యంగా మూడు కారణాలు ఉంటాయి: అసలు వ్యాధి తిరగబెట్టడం, అధివృక్క గ్రంథుల లోపం, విరమణ లక్షణాలు. ఇవి పైకి ఒకేలా కనిపించినా వీటికి చేయవలసిన చికిత్స ఒకటి కాదు. అందువలన మోతాదు మార్చే ముందు కారణాన్ని గుర్తించడం ముఖ్యం.

కండలు పెంచడానికి కొందరు వాడే అనబాలిక్ స్టెరాయిడ్లు వేరు. ఈ వ్యాసం వాటి గురించి కాదు.

చరిత్ర

అధివృక్క గ్రంథులు దెబ్బతిన్నవారిలో కలిగే వ్యాధిని ఆంగ్ల వైద్యుడు థామస్ అడిసన్ 1855లో వర్ణించాడు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్ళవాతంతో బాధపడుతున్న ఒక రోగికి మొదటిసారిగా కార్టిసోన్ ఇచ్చాడు. మంచం దిగలేని వ్యక్తి కొద్ది రోజులలోనే నడవడం వైద్యలోకాన్ని ఆశ్చర్యపరచింది. ఈ పరిశోధనలకు గాను హెంచ్, ఎడ్వర్డ్ కెండాల్, టాడ్యూస్ రైక్‌స్టైన్‌లకు 1950లో నోబెల్ బహుమతి లభించింది.

ఈ మందు వలన కలిగే చిక్కులు కూడా త్వరలోనే తెలిసివచ్చాయి. కార్టిసోన్ వాడుతూ వచ్చిన రోగి శస్త్రచికిత్స తరువాత కోలుకోలేని షాక్‌తో మరణించిన సంగతి 1952లో ఒక వైద్య పత్రికలో ప్రచురితమైంది. పరీక్షించి చూడగా అతని అధివృక్క గ్రంథులు కుంచించుకుపోయి ఉన్నాయి. దీర్ఘకాలం అణగి ఉన్న ఈ గ్రంథులు పూర్తిగా కోలుకోవడానికి సుమారు 9 నెలలు పట్టవచ్చని 1965లో జరిగిన ఒక అధ్యయనం తెలిపింది.

శరీరంలో జరిగే మార్పు

మూత్రపిండాల పైభాగాన ఉండే అధివృక్క గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును తయారుచేస్తాయి. ఇది రక్తపోటును, రక్తంలోని చక్కెరను నిలబెట్టడానికి, జ్వరం, గాయం వంటి ఒత్తిళ్ళను తట్టుకోవడానికి అవసరం. దీని ఉత్పత్తిని మెదడులోని హైపోథాలమస్, పీయూష గ్రంథి నియంత్రిస్తాయి. బయట నుండి మందు రూపంలో స్టెరాయిడ్ అందుతున్నప్పుడు మెదడు నుండి ఆదేశం ఆగిపోతుంది. ఆదేశం లేనందున గ్రంథి పని మానుకుంటుంది. మందు ఆపిన తరువాత ముందుగా పీయూష గ్రంథి మేల్కొంటుంది, ఆ తరువాత చాలా వారాలకు గాని అధివృక్క గ్రంథి తేరుకోదు. క్రమ విరమణ ఈ వ్యవధి కోసమే.

ఆరోగ్యవంతుని శరీరం రోజుకు తయారుచేసుకునే కార్టిసాల్ సుమారు 4 నుండి 6 మి.గ్రా. ప్రెడ్నిసోలోన్‌తో సమానం. దీనిని సహజ మోతాదు అంటారు. 5 మి.గ్రా. ప్రెడ్నిసోలోన్‌కు ఇతర మందులు సుమారుగా ఈ విధంగా సరితూగుతాయి:

హైడ్రోకార్టిసోన్ - 20 మి.గ్రా.
డెఫ్లజాకార్ట్ - 6 మి.గ్రా.
మిథైల్‌ప్రెడ్నిసోలోన్ - 4 మి.గ్రా.
డెక్సామెథాసోన్ - 0.75 మి.గ్రా.
బీటామెథాసోన్ - 0.6 మి.గ్రా.

మందుల దుకాణాలలో వైసోలోన్, ఆమ్నాకార్టిల్ పేర్లతో దొరికేవి ప్రెడ్నిసోలోన్ మాత్రలు, మెడ్రాల్ మిథైల్‌ప్రెడ్నిసోలోన్, బెట్నెసాల్ బీటామెథాసోన్. చూడడానికి చిన్నదైన అర మిల్లీగ్రాము బీటామెథాసోన్ మాత్ర శరీరానికి ఒక పూర్తి రోజు కార్టిసాల్‌తో దాదాపు సమానమన్న సంగతి చాలామందికి తెలియదు.

మోతాదు తగ్గించే విధానం

మూడు నాలుగు వారాలకంటే తక్కువ కాలం వాడిన మందును సాధారణంగా నేరుగా ఆపవచ్చు. అంతకంటే ఎక్కువ కాలం వాడినప్పుడు అసలు వ్యాధి అదుపులోకి వచ్చిన తరువాతనే తగ్గింపు మొదలుపెడతారు. ఐరోపా, అమెరికా వినాళగ్రంథి వైద్య సంఘాలు 2024లో ఉమ్మడిగా వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం ప్రెడ్నిసోలోన్ తగ్గింపు స్థూలంగా ఇలా ఉంటుంది:

రోజుకు 40 మి.గ్రా. పైబడి: వారానికి 5 నుండి 10 మి.గ్రా. చొప్పున
20 నుండి 40 మి.గ్రా. వరకు: వారానికి 5 మి.గ్రా. చొప్పున
10 నుండి 20 మి.గ్రా. వరకు: 1 నుండి 4 వారాలకొకసారి 1 నుండి 2.5 మి.గ్రా. చొప్పున
5 నుండి 10 మి.గ్రా. వరకు: 1 నుండి 4 వారాలకొకసారి 1 మి.గ్రా. చొప్పున

వ్యాధిని బట్టి వైద్యులు ఈ వేగాన్ని మారుస్తారు. రోగి స్వయంగా అనుసరించడానికి ఉద్దేశించిన పట్టిక కాదిది. 40 నుండి 35కు దిగినప్పుడు తగ్గింది ఎనిమిదో వంతు మాత్రమే, 5 నుండి 2.5కు దిగితే ఏకంగా సగం తగ్గినట్లు. చివరి మెట్లు చిన్నవిగా ఉండడానికి ఇదే కారణం.

సహజ మోతాదుకు చేరిన తరువాత ఉదయం 8, 9 గంటల మధ్య రక్తంలో కార్టిసాల్ పరీక్ష చేయించవచ్చు. ప్రెడ్నిసోలోన్ వాడేవారు ఆఖరి మాత్ర వేసుకుని కనీసం 24 గంటలు గడిచాక, ఆనాటి మాత్రకు ముందు రక్తం ఇవ్వాలి. లేనిచో మాత్రలోని మందునే పరీక్ష కార్టిసాల్‌గా చూపవచ్చు. ఫలితం డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములు దాటితే గ్రంథి కోలుకున్నట్లు భావించి మందు ఆపుతారు. 5 నుండి 10 మధ్య ఉంటే సహజ మోతాదును కొనసాగించి కొన్ని వారాల నుండి నెలల వ్యవధిలో మరల పరీక్షిస్తారు. 5కు తక్కువైతే మరి కొన్ని నెలలు ఆగవలసి ఉంటుంది.

బాధలకు గల మూడు కారణాలు

వ్యాధి తిరగబెట్టడం: ఈ సందర్భంలో అసలు వ్యాధికే ప్రత్యేకమైన గుర్తులు కనిపిస్తాయి. కీళ్ళవాతంలో కీళ్ళు వాచి, ఉదయం చాలాసేపు బిగుసుకుపోతాయి. ఉబ్బసంలో పిల్లికూతలు వస్తాయి. నెఫ్రోటిక్ సిండ్రోమ్‌లో మూత్రంలో మాంసకృత్తులు పోతాయి. దీనికి మోతాదు పెంచడమో, వేరొక మందు చేర్చడమో చేస్తారు.

అధివృక్క గ్రంథుల లోపం: మోతాదు సహజ స్థాయి కంటే దిగువకు వచ్చినప్పుడు ఎక్కువగా బయటపడుతుంది. తీవ్రమైన నీరసం, ఆకలి లేకపోవడం, బరువు తగ్గడం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం, చక్కెర పడిపోవడం దీని గుర్తులు. అడిసన్ వ్యాధిలో వలె చర్మం నల్లబడదు కనుక దీనిని గుర్తించడం కష్టం. ఉదయపు కార్టిసాల్ తక్కువగా ఉంటుంది.

విరమణ లక్షణాలు: సహజ మోతాదుకంటే ఎక్కువ మందు అందుతున్నా, పరీక్షలు సక్రమంగా ఉన్నా కూడా ఇవి రావచ్చు. ఎక్కువ మోతాదుకు అలవాటుపడిన శరీరం తగ్గింపును లోటుగా గ్రహిస్తుంది. కండరాల నొప్పి, కీళ్ళ నొప్పి, నిద్రలేమి, దిగులు, చిరాకు సాధారణం. అంతకుముందు సహించగలిగిన మెట్టుకు తిరిగి వెళ్ళి, అక్కడ కొంతకాలం నిలిచి, ఆపై మరింత నెమ్మదిగా దిగడం దీనికి మార్గం.

ఈ తేడా తెలియనివారు రెండు రకాల పొరపాట్లు చేస్తారు. కొందరు విరమణ లక్షణాలను వ్యాధిగా భావించి, పాత మందుల చీటీతో పెద్ద మోతాదు తిరిగి మొదలుపెడతారు. మరికొందరు గ్రంథి లోపాన్ని మామూలు నీరసంగా తలచి మందు ఆపివేస్తారు. మొదటిది మందు నుండి బయటపడే దారిని మూసివేస్తుంది, రెండవది ప్రాణం మీదకు తెస్తుంది. గజ్జలో విడవకుండా ఉండే నొప్పి ఈ మూడింటిలో దేనికీ చెందకపోవచ్చు. స్టెరాయిడ్ల వలన తుంటి ఎముక తలకు రక్తప్రసారం ఆగి ఎముక చచ్చుబడే అవకాశం ఉన్నందున దానికి ఎం.ఆర్.ఐ. పరీక్ష అవసరమవుతుంది.

దుష్ప్రభావాలు, జాగ్రత్తలు

నిద్ర: రోజు మోతాదును ఉదయం అల్పాహారం తరువాత ఒకేసారి తీసుకుంటే నిద్రకు భంగం తగ్గుతుంది, మెదడు సహజ లయకూ అనుకూలం.

మధుమేహం: ఉదయం వేసుకున్న ప్రెడ్నిసోలోన్ వలన చక్కెర ముఖ్యంగా మధ్యాహ్నం, సాయంత్రం పెరుగుతుంది. పరగడుపు పరీక్ష మాత్రమే చేయిస్తే ఇది తెలియదు. స్టెరాయిడ్ తగ్గుతున్న కొద్దీ ఇన్సులిన్, చక్కెర మాత్రలను కూడా తగ్గించకపోతే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది.

ఆహారం: ఒంటికి నీరు పట్టడం, రక్తపోటు ఉన్నవారు ఊరగాయలు, అప్పడాలు, ఉప్పు వేసిన వడియాలు తగ్గించాలి. ఎముకల కోసం పాలు, పెరుగు, రాగులు మేలు. అవసరాన్ని బట్టి వైద్యులు కాల్షియం, విటమిన్ డి, ఎముకల బోలువ్యాధి మందులు ఇస్తారు.

కండరాలు: తొడలు, భుజాల కండరాలు బలహీనపడి మెట్లు ఎక్కడం, నేల మీద నుండి లేవడం కష్టమవుతుంది. నడక, కుర్చీలో కూర్చుని లేవడం వంటి వ్యాయామాలతో బలం క్రమంగా తిరిగివస్తుంది.

ఇతర మందులు: క్షయకు వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్ స్టెరాయిడ్‌ను శరీరంలో త్వరగా కరిగించివేస్తాయి. అదే మోతాదు వాడుతున్నా లోపం ఏర్పడుతుంది. తామరకు వాడే ఇట్రాకొనజోల్ కొన్ని స్టెరాయిడ్ల ప్రభావాన్ని పెంచుతుంది.

ముఖం గుండ్రంగా ఉబ్బడం, ఆకలి పెరగడం, మొటిమలు మోతాదు తగ్గిన కొద్దీ కొన్ని నెలలలో తగ్గుతాయి. ఎముకల సాంద్రత కొంతవరకు మెరుగుపడుతుంది. కంటి శుక్లం మాత్రం దానంతటదే పోదు, దానికి శస్త్రచికిత్స అవసరం.

అస్వస్థతలో పాటించవలసిన నియమాలు

ఆరోగ్యవంతుని శరీరం జ్వరం వచ్చినప్పుడు కార్టిసాల్‌ను ఎక్కువగా తయారుచేస్తుంది. గ్రంథి అణగి ఉన్నవారిలో ఇది జరగదు. అందువలన సహజ మోతాదుకు దగ్గరగా స్టెరాయిడ్ వాడేవారు జ్వరం ఉన్నన్ని రోజులు మోతాదును రెట్టింపు చేసుకోవాలని వైద్యులు ముందుగానే చెప్పి ఉంచుతారు. వాంతుల వలన మాత్ర నిలవనప్పుడు ఇంజెక్షన్ తప్పనిసరి. వాంతులు, కడుపునొప్పి, రక్తపోటు పడిపోవడం, మగత కలిస్తే అది అధివృక్క సంక్షోభం కావచ్చు. వెంటనే 100 మి.గ్రా. హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్, సెలైన్ ఇవ్వాలి. పరీక్షల ఫలితాల కోసం ఆగరాదు.

పంటి చికిత్స, శస్త్రచికిత్స, కాన్పు సమయాలలోను, మందు ఆపిన తరువాత ఏడాది వరకును స్టెరాయిడ్ వాడిన సంగతి వైద్యునికి తెలియజేయాలి. మందు పేరు, మోతాదు రాసిన చీటీని జేబులోనో, సంచిలోనో ఎల్లప్పుడూ ఉంచుకోవడం మంచిది. రంజాన్ ఉపవాసాలు, దీక్షలు పాటించదలచినవారు ముందుగా వైద్యుని సంప్రదించాలి.

హైదరాబాదులో

హైదరాబాదు నడిబొడ్డున హిమాయత్‌నగర్ నుండి ఆబిడ్స్, నాంపల్లి వరకు గల ప్రాంతంలోను, దాని చుట్టుపక్కల ఈ సమస్య పలు రూపాలలో కనిపిస్తుంది. హిమాయత్‌నగర్ వంటి పేటలలో క్లినిక్, రక్తపరీక్షా కేంద్రం, మందుల దుకాణం వేర్వేరు చోట్ల ఉంటాయి. మందు రాసినవారు ఒకరు, మరో జబ్బుకు చూసేవారు ఇంకొకరు అయినప్పుడు తగ్గింపు పట్టికను ఎవరూ గమనించకుండా పోయే అవకాశం ఉంది. మందుల చీటీలన్నీ ఒకే దస్త్రంలో ఉంచి ప్రతి వైద్యునికీ చూపడం దీనికి సులువైన పరిష్కారం. ప్రెడ్నిసోలోన్, డెక్సామెథాసోన్ షెడ్యూల్ హెచ్ మందులు, అనగా వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదు. చర్మానికి పూసే పలు స్టెరాయిడ్ లేపనాలను కూడా 2018లో ఈ నిబంధన పరిధిలోకి తెచ్చారు.

నాంపల్లి సమీపంలోని రెడ్‌హిల్స్‌లో 1953లో ప్రారంభమైన నీలోఫర్ ఆసుపత్రి పిల్లల వైద్యానికి పేరొందింది. పిల్లలలో స్టెరాయిడ్ వాడకానికి ముఖ్య కారణాలలో ఒకటి నెఫ్రోటిక్ సిండ్రోమ్. భారత పిల్లల మూత్రపిండ వైద్యుల సంఘం 2021 మార్గదర్శకాల ప్రకారం ఈ వ్యాధి మొదటిసారి వచ్చినప్పుడు 6 వారాలు రోజూ, తరువాత 6 వారాలు రోజు విడిచి రోజు ప్రెడ్నిసోలోన్ ఇస్తారు. వాపు తగ్గగానే బిడ్డకు నయమైందని తల్లిదండ్రులు మధ్యలో మందు ఆపరాదు.

నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో మృగశిర కార్తె నాడు బత్తిన కుటుంబీకులు పంపిణీ చేసే చేప ప్రసాదం కోసం ఉబ్బసం రోగులు పెద్ద సంఖ్యలో వస్తారు. కోవిడ్ కారణంగా 2020 నుండి ఆగిన ఈ పంపిణీ 2023లో తిరిగి మొదలైంది. ప్రసాదం స్వీకరించినవారు సైతం దీర్ఘకాలంగా వాడుతున్న స్టెరాయిడ్ మాత్రలను, పీల్చే మందులను ఆ రోజుతో ఆపివేయరాదు.

ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులకు రోజుకు 6 మి.గ్రా. డెక్సామెథాసోన్ 10 రోజుల వరకు ఇస్తే మరణాలు తగ్గుతాయని బ్రిటన్‌లో జరిగిన రికవరీ పరీక్ష 2020లో తేల్చింది. 2021 రెండవ విడతలో అవసరం లేనివారు కూడా, ఎక్కువ మోతాదులో, ఎక్కువ రోజులు స్టెరాయిడ్లు వాడడం, మధుమేహం అదుపు తప్పడం మ్యూకర్‌మైకోసిస్ వ్యాప్తికి దోహదం చేశాయి. ఆ ఏడాది మే నెలలో తెలంగాణ ప్రభుత్వం దీనిని తప్పనిసరిగా తెలియజేయవలసిన వ్యాధిగా ప్రకటించింది. ఆబిడ్స్‌కు ఆనుకుని ఉన్న కోఠీలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి దీని చికిత్సకు ప్రధాన కేంద్రమైంది.

కీళ్ళ నొప్పులకు, ఆయాసానికి మూలికా మందులుగా అమ్మే కొన్ని పొడులలో స్టెరాయిడ్లు కలిపి ఉన్నట్లు వివిధ దేశాలలో జరిపిన పరీక్షలలో బయటపడింది. ఇటువంటి పొడిని నెలల తరబడి వాడి ఆపినవారికి కూడా పైన చెప్పిన సంక్షోభమే రావచ్చు. తాను స్టెరాయిడ్ వాడినట్లు రోగికే తెలియదు కాబట్టి, వాడిన మందు పొట్లాన్ని వైద్యునికి చూపడం అవసరం.

ఇవి కూడా చూడండి

అధివృక్క గ్రంథి
ఉబ్బసం
ఎముకల బోలువ్యాధి
నీలోఫర్ ఆసుపత్రి
మధుమేహం
మ్యూకర్‌మైకోసిస్