సూట్‌కేసు పట్టుకుని తిరిగిన లెక్కలాయన

ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో ఉన్న మన తమ్ముళ్లకీ చెల్లెళ్లకీ సెలవుల్లో చెప్పడానికి ఒక కథ. లెక్కలంటే మనలో చాలామందికి పదో తరగతిలో గట్టెక్కాల్సిన పేపరు, అంతే. లెక్కలే లోకంగా బతికిన మనిషి ఒకాయన ఉన్నాడని వాళ్లకి చెబుదాం.

పేరు పాల్ ఎర్డోష్. 1913లో హంగరీ దేశం బుడాపెస్ట్‌లో పుట్టాడు. అమ్మానాన్నలిద్దరూ లెక్కల టీచర్లు, యూదులు. ఆయన పుట్టిన రోజుల్లోనే మూడేళ్ల అక్క, ఐదేళ్ల అక్క స్కార్లెట్ జ్వరంతో చనిపోయారు. తర్వాత యుద్ధంలో నాన్న రష్యా సైన్యానికి దొరికిపోయి, సైబీరియా నుంచి తిరిగి రావడానికి ఆరేళ్లు పట్టింది. మిగిలిన ఒక్క కొడుకుకి ఏమవుతుందోనన్న భయంతో అమ్మ చాలాకాలం బడికి పంపలేదు. ఆ ఇంట్లో ఆడుకోవడానికి దొరికినవి అంకెలే. మూడంకెల గుణకారాలు నోటితోనే చేసేవాడు. ఎవరైనా వయసు చెబితే ఎన్ని సెకన్లు బతికారో చెప్పేసేవాడు. నాలుగేళ్లప్పుడు, 100లోంచి 250 తీసేస్తే సున్నాకి 150 కింద ఉంటామని అమ్మకి చెప్పాడట! రుణ సంఖ్యల సంగతి అప్పటికి ఆ పిల్లాడికి ఎవరూ నేర్పలేదు.

ఇంటి పనులు మాత్రం సున్నా. 21 ఏళ్లకి ఇంగ్లండు వెళ్లాక గానీ బ్రెడ్డుకి తన చేత్తో వెన్న రాసుకోలేదు. పన్నెండేళ్లకే నాట్లకి వెళ్లి, హాస్టల్లో బట్టలు ఉతుక్కునే మన పిల్లలు ఇది విని నవ్వుతారు. నవ్వనివ్వండి.

పెద్దవాళ్లం ఆగి చదవాల్సింది ఇక్కడ. 1920లో హంగరీ ఒక చట్టం తెచ్చింది. యూనివర్సిటీ సీట్లలో యూదులు సుమారు 6 శాతం మించకూడదు. మన రిజర్వేషను మూసి ఉన్న తలుపు తీయడానికి వచ్చింది. అక్కడ 6 శాతం పెట్టింది తలుపు వేయడానికి. రెండింటినీ 'కోటా' అని ఒకే గాటన కట్టేవాళ్లు మనకి రోజూ కనబడతారు, అడిగితే ఈ తేడా చెప్పండి. దేశమంతటికీ పెట్టిన పరీక్షలో గెలిచాడు కాబట్టి 1930లో ఎర్డోష్‌కి సీటు వచ్చింది. 1 కంటే పెద్ద సంఖ్య ఏది తీసుకున్నా దానికీ దాని రెట్టింపుకీ మధ్య కనీసం ఒక ప్రధాన సంఖ్య ఉంటుందని చెబిషెవ్ ఎప్పుడో నిరూపించాడు. ఈ కుర్రాడు ఇరవై ఏళ్లు రాకముందే అదే విషయానికి చాలా తేలికైన దారి చూపించాడు. 1938లో అమెరికా వెళ్లిపోయాడు. వెనక ఉండిపోయిన చుట్టాల్లో చాలామందిని నాజీల కాలంలో చంపేశారు.

తర్వాత ఆయనకంటూ ఇల్లు లేదు, పెళ్లి లేదు. సూట్‌కేసుతో ఒక గణితవేత్త ఇంటి నుంచి ఇంకొకరి ఇంటికి తిరిగేవాడు. చనిపోయిన 1996 నాటికి సుమారు 1500 పరిశోధన వ్యాసాలు, 500 మందికి పైగా సహరచయితలు. 50,000 డాలర్ల వుల్ఫ్ బహుమతి వస్తే 720 డాలర్లు ఉంచుకుని మిగతాది ఇచ్చేశాడు.

పిల్లలంటే ప్రాణం. వాళ్లని 'ఎప్సిలాన్' అని పిలిచేవాడు. గణితంలో బాగా చిన్న పరిమాణానికి పెట్టే గ్రీకు అక్షరం అది. 1959లో లాయోష్ పోషా అనే పిల్లాడి గురించి విని, మర్నాడే అతనితో భోజనానికి కూర్చున్నాడు. వాడికి పన్నెండేళ్లు కూడా నిండలేదు. వాడిని అడిగిన లెక్క మన పిల్లల్నీ అడగండి: 1 నుంచి 10 వరకు ఉన్న అంకెల్లో ఇష్టమొచ్చిన ఆరు తీసుకుంటే, 1 తప్ప వేరే ఉమ్మడి కారణాంకం లేని రెండు అంకెలు వాటిలో తప్పకుండా ఉంటాయి. ఎందుకు? పోషా సూప్ తాగుతూ అర నిమిషంలో చెప్పాడు: ఆరు తీస్తే పక్కపక్క అంకెలు రెండు రాక తప్పదు. పక్కపక్క అంకెలకి 1 తప్ప ఉమ్మడి కారణాంకం ఉండదు.

మన వైపు కూడా వచ్చాడు. మద్రాసులో ప్రసంగానికి ఇచ్చిన డబ్బుని రామానుజన్ భార్యకి ఇచ్చేశాడు. 1974లో అదే ఊళ్లో డిగ్రీ చదువుతున్న అల్లాడి కృష్ణస్వామి, తన పరిశోధన గురించి ఆయనకి ఉత్తరం రాశాడు. ఈ కుర్రాడు మనలాంటివాడేం కాదు, నాన్న పేరున్న శాస్త్రవేత్త, తాత రాజ్యాంగ ముసాయిదా కమిటీ సభ్యుడు. అలాంటి ఇల్లు మన పిల్లలకి లేదు. కానీ ఎర్డోష్‌ని కదిలించింది ఆ ఉత్తరంలోని లెక్క. కలకత్తా నుంచి ఆస్ట్రేలియా వెళ్లాల్సిన మనిషి, దారి మార్చుకుని 1975 జనవరిలో మద్రాసులో దిగాడు, ఆ కుర్రాడిని కలవడానికే. ఇద్దరూ కలిసి రాసిన వ్యాసం 1977లో అచ్చయ్యింది.