డెబ్బై రెండు మేళాలలో ఇమడని ఎనిమిదవ స్వరం

ప్రపంచంలోని ఏ స్వరశ్రేణి అయినా మన 72 మేళకర్తలలో ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుందని సంగీత సభల్లో తరచు వింటూంటాం. జాజ్ వాద్యకారులు విరివిగా వాడే డిమినిష్డ్ స్కేలు ఈ మాటకు లొంగదు.

వీణ మెట్ల లెక్కలో ఒక మెట్టు, తరువాత రెండు మెట్లు, మళ్ళీ ఒకటి, మళ్ళీ రెండు. ఇలా స్థాయి అంతా నడిస్తే వచ్చేది ఆ స్కేలు. షడ్జం, శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, అంతర గాంధారం, ప్రతి మధ్యమం, పంచమం, చతుశ్శ్రుతి ధైవతం, కైశికి నిషాదం. మొత్తం ఎనిమిది. 17వ శతాబ్దంలో వేంకటమఖి ఏర్పరచిన పద్ధతిలో మేళానికి ఏడే స్వరాలు. ఒకే మేళంలో రెండు గాంధారాలకు చోటు లేదు.

అయితే ముక్కలుగా దొరుకుతుంది. అంతర గాంధారం తీసివేస్తే 46వ మేళం షడ్విధమార్గిణి. సాధారణ గాంధారం తీసివేస్తే 52వ మేళం రామప్రియ. శుద్ధ రిషభాన్ని వదిలి, సాధారణ గాంధార స్థానాన్నే షట్శ్రుతి రిషభమని పిలిస్తే 70వ మేళం నాసికాభూషణి. 1930లో కోనసీమలోని శంకరగుప్తంలో జన్మించిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ చిన్న వయసులోనే 72 మేళాలలోనూ కృతులు రచించారు. అవి 1952లో ‘జనకరాగ కృతిమంజరి’గా వెలువడ్డాయి. అంటే ఆ ఎనిమిది స్వరాలూ ఒక గోదావరి సీమ వాగ్గేయకారుని ఒకే పుస్తకంలో ఉన్నాయి. ఒకే రాగంలో మాత్రం లేవు.

ఆయన మరో అడుగు కూడా వేశారు. మహతి రాగానికి స, గ, ప, ని అనే నాలుగే స్వరాలు. పియానో ముందు కూర్చున్నవారికి ఇది అచ్చంగా డామినెంట్ సెవెన్త్ కార్డు. ఇందులో షడ్జాన్ని ఒక్క మెట్టు పైకి జరిపి శుద్ధ రిషభం చేస్తే డిమినిష్డ్ సెవెన్త్ కార్డు అవుతుంది. జాజ్‌లో ఈ స్కేలును డామినెంట్ కార్డుపై వాయించడం వెనుక ఉన్నది ఈ చుట్టరికమే. బాలమురళి ఆ గుమ్మం దాకా వెళ్ళి ఆగారు. (ఆయన కొత్త రాగాలపై వైణికులు ఎస్. బాలచందర్ లేవదీసిన వివాదం వేరే కథ.)

ఎందుకు ఆగవలసి వచ్చింది? నా ఊహలో, తంబుర వల్ల. మోహనానికి గాంధారం నుంచి గ్రహభేదం చేస్తే హిందోళం వస్తుంది. డిమినిష్డ్ కార్డుకు అందులోని ఏ స్వరం నుంచి గ్రహభేదం చేసినా మళ్ళీ అదే కార్డు! ఏది ఆధారమో చెవికి అందదు. ఒక శ్రుతి నుంచి మరొక శ్రుతికి జారుకోవడానికి జాజ్‌కు కావలసింది సరిగ్గా ఆ సందిగ్ధమే. షడ్జం కదలని మన కచేరీలో జారుకుని వెళ్ళేదెక్కడికి?

ఫ్రెంచి స్వరకర్త ఒలివియే మెస్సియాన్ 1944లో ప్రచురించిన గ్రంథంలో ఈ శ్రేణిని తన రెండవ మోడ్‌గా చూపారు. శార్ఙ్గదేవుని దేశీ తాళాలను శ్రద్ధగా అధ్యయనం చేసి తన రచనలలో వాడుకున్నదీ ఆయనే.

వీణ ఉన్నవారు ఒకే తీగపై మూడేసి మెట్లకు ఒక స్వరం చొప్పున మీటి చూడండి, తంబుర పెట్టి ఒకసారి, ఆపి ఒకసారి.