కలం దించని వీరుడు

హీరో అనగానే మన పిల్లలకు సినిమా నటులే గుర్తుకొస్తారు. ఉర్దూ బళ్ళో మేము చెప్పే పేరు వేరు: షోయబుల్లా ఖాన్.

1920లో పుట్టిన ఆయన ‘రయ్యత్’ పత్రికలో పనిచేసి, తర్వాత హైదరాబాదులో ‘ఇమ్రోజ్’ అనే ఉర్దూ దినపత్రిక నడిపారు. సంస్థానం భారతదేశంలో కలవాలనీ, రజాకార్ల జులుం ఆగాలనీ రాశారు. బెదిరింపులొచ్చినా కలం దించలేదు. 1948 ఆగస్టు 21 రాత్రి పని ముగించుకుని ఇంటికి పోతుండగా దుండగులు తుపాకితో కాల్చి, చేయి నరికారు. మర్నాడు కన్నుమూశారు. నెల తిరక్కముందే, సెప్టెంబరు 17న, నిజాం సర్కారు లొంగిపోయింది.

పరాయివాళ్ళ తప్పు ఎవరైనా ఎత్తిచూపుతారు. తనవాళ్ళ తప్పును తన భాషలోనే తనవాళ్ళ ముందు చెప్పడానికి గుండె కావాలి. సంఘానికి హీరో అంటే అతనే. ఆ పేరు మన ఇళ్ళలో పిల్లలకు చెబుదాం.