కొత్త వర్తకునికి అండ, విడిచిపోయే స్వేచ్ఛ: మోటుపల్లి నుంచి కమలాపురం దాకా ఒక చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం:
కొత్తగా వ్యాపారం మొదలుపెట్టేవారికి సమాజం, పాలకులు అందించిన అండ తెలుగు నేలపై ఏయే రూపాలలో కనిపిస్తుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మోటుపల్లి శాసనాలు, కంపెనీ కాలపు బయానా పద్ధతి, మొతర్ఫా పన్ను, చీటీలు, పొదుపు సంఘాలు ఇందుకు ఆధారాలు. సాయం ఎంత ఇచ్చారన్న దానికన్నా, సాయం పొందినవాడికి విడిచిపోయే స్వేచ్ఛ మిగిలిందా లేదా అన్నదే ఆ సాయపు స్వభావాన్ని నిర్ణయిస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: అభయశాసనం, బయానా, మొతర్ఫా, పూచీ, పొదుపు సంఘం, అంకుర సంస్థ, రాయలసీమ.

1. ఉపోద్ఘాతం

కమలాపురం కడప జిల్లాలో పాపఘ్ని ఒడ్డున, ఆ ఏరు పెన్నలో కలిసే చోటికి చేరువలో ఉన్న పట్టణం. మద్రాసు–బొంబాయి రైలుమార్గం ఈ ఊరి మీదుగా సాగుతుంది. ఒకవైపు ఎర్రగుంట్ల పరిసరాల నాపరాయి గనులు, మరోవైపు పత్తికి, బంగారానికి పేరుపడిన ప్రొద్దుటూరు అంగళ్లు ఉన్నాయి. జిల్లాలోనే ఉన్న కొప్పర్తికీ, కర్నూలు జిల్లాలోని ఓర్వకల్లుకూ పారిశ్రామిక నోడ్లను కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 28న ఆమోదించింది.

ఇటువంటి పథకాలను ఎకరాలలో, కోట్ల రూపాయలలో లెక్కగట్టడం పరిపాటి. చరిత్ర విద్యార్థి అడగవలసిన ప్రశ్న వేరు. కమలాపురం వంటి చిన్న పట్టణంలో సొంత పెట్టుబడి తక్కువగా ఉన్న మనిషి ఒక పని మొదలుపెడితే, తొలి రెండు మూడేళ్ల నష్టం ఎవరి మీద పడుతుంది? వానలు నమ్మరాని సీమలో ఈ ప్రశ్నకు బరువెక్కువ. రైతుకు పంట పోయిన ఏడాది అంగడిలో బేరం పోతుంది. ఉద్దర ఇచ్చిన సరుకు డబ్బు తిరిగి రాదు. ఈ ప్రశ్నకు తొలి సమాధానాలు మాత్రం సీమలో కాక సముద్రతీరంలో, శాసనాల రూపంలో స్పష్టంగా దొరుకుతున్నాయి. కాబట్టి పరిశీలన అక్కడ మొదలుపెట్టడం సమంజసం.

2. మోటుపల్లి: నష్టాన్ని పంచుకున్న రాజ్యం

కాకతీయ గణపతిదేవుడు శక 1166, అంటే క్రీ.శ. 1244–45లో మోటుపల్లి రేవులో సముద్రవర్తకులకు అభయశాసనం వేయించాడు. తుఫానుకు దెబ్బతిని తీరానికి కొట్టుకువచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు స్వాధీనం చేసుకునేవారు. ఆ ఆచారాన్ని గణపతిదేవుడు విడిచిపెట్టి, ముప్పయింట ఒక వంతు నిర్ణీత సుంకం మాత్రమే తీసుకుంటానని ప్రకటించాడు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవారి పట్ల దయ అన్నది శాసనం చెప్పిన కారణం. ఇందులో ఆర్థిక దృష్టి కూడా ఉంది. విపత్తు వేళ మిగిలినదాన్ని కూడా లాక్కునే రేవుకు రెండోసారి ఎవరూ రారు.

సుమారు నూరేళ్ల తరువాత, 1358లో, రెడ్డిరాజు అనవోతారెడ్డి కాలపు మోటుపల్లి శాసనం మరొక అడుగు ముందుకు వేసింది. వచ్చి స్థిరపడే వర్తకులకు భూమి ఇస్తామనీ, వేరొక చోటికి పోదలచినవారిని బలవంతంగా ఆపబోమనీ అది హామీ ఇచ్చింది. సంతానం లేక మరణించినవాని ఆస్తిని రాజు తీసుకొనే అపుత్రిక పద్ధతిని రద్దు చేసింది. గణపతిదేవుని శాసనం నష్టకాలంలో రక్షణ ఇచ్చింది. అనవోతారెడ్డి శాసనం దానికి తోడుగా వెళ్లిపోయే స్వేచ్ఛను కూడా రాతపూర్వకంగా గుర్తించింది. ఈ రెండో అంశమే మన చర్చకు కీలకం.

ఇదే కాలానికి సాహిత్యం వేరొక చిత్రం చూపుతుంది. శ్రీనాథుని 'హరవిలాసం' కృతిభర్త అవచి తిప్పయసెట్టి పెన్నానది దిగువన ఉన్న నెల్లూరు వర్తకుడు. సింహళపు ఏనుగులు, హురుముంజి గుర్రాలు, చీనాంబరాలు తెప్పించిన అతని వైభవాన్ని అవతారిక వర్ణిస్తుంది. కావ్యం గెలిచిన వర్తకుణ్ణి కీర్తించింది. ఓడ పోగొట్టుకున్న వర్తకుని గురించి శాసనమే మాట్లాడింది. వర్తక చరిత్రకు కావ్యావతారికలను ఆధారంగా తీసుకునే పరిశోధకులు ఈ తేడాను గమనించడం అవసరం.

3. బయానా: సాయం సంకెల అయిన తీరు

1800లో నిజాం దత్తమండలాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. కడప ప్రాంతం ఆ విధంగా కంపెనీ ఏలుబడిలోకి వచ్చింది. ఈ మండలాలకు 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో అంతకుముందు బారామహల్‌లో పనిచేశాడు. 1813లో బ్రిటిష్ పార్లమెంటు విచారణలో అతడు బారామహల్ నేతగాళ్ల పరిస్థితిని వివరించాడు. కంపెనీ ఉద్యోగులు ముఖ్యులైన నేతగాళ్లను ఒకచోట చేర్చి, కంపెనీకే బట్ట ఇస్తామని ఒప్పుకొనేదాకా కాపలా పెట్టేవారు. ఒకసారి బయానా పుచ్చుకున్నవాడు ఆ బాకీ నుంచి బయటపడడం అరుదు. సరుకు ఆలస్యమైతే ఇంటి ముందు బంట్రోతును నిలిపేవారు; అతని రోజుకూలి కూడా నేతగాడే చెల్లించాలి.

బయానా స్వభావతః చెడ్డది కాదు. నూలు కొనడానికి చేతిలో డబ్బు లేని నేతగానికి అది పని పెట్టుబడి. సరుకుకు ముందే కొనుగోలుదారు దొరికినట్టు కూడా. అయితే కొనేవాడు ఒక్కడే అయి, ధర అతడే నిర్ణయించి, వేరొకరికి అమ్ముకునే దారి మూసేసినప్పుడు, అదే డబ్బు కట్టుబానిసత్వానికి మొదటి వాయిదా అవుతుంది. మోటుపల్లి శాసనం ఇచ్చిన స్వేచ్ఛను ఈ పద్ధతి లాక్కుంది.

దీనికి మొతర్ఫా తోడైంది. మగ్గం మీద, పనిముట్ల మీద, అంగడి మీద వేసిన ఈ పన్ను లాభాన్ని చూసి వేసినది కాదు; పనిముట్టు ఉంటే చాలు, చెల్లించాలి. అంటే మొదలుపెట్టడమే పన్నుకు కారణం. 1852లో చెన్నపట్నపు తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనర్సు శెట్టి నాయకత్వంలో ఏర్పడిన మద్రాసు నేటివ్ అసోసియేషన్ బ్రిటిష్ పార్లమెంటుకు పంపిన అర్జీలో మొతర్ఫాను ఎండగట్టింది. తరువాతి కాలంలో మద్రాసు రాజధానిలో ఆ పన్ను రద్దయింది. స్థిరపడిన ఒక వర్తకుడు చిన్న పనివారి పక్షాన మాట్లాడిన సందర్భంగా దీన్ని గుర్తించాలి. నిలదొక్కుకున్నవారు కొత్తవారికి అందించగల సాయం డబ్బు రూపంలోనే ఉండనక్కరలేదు.

4. చీటీ, సహకారం, పొదుపు

ప్రభుత్వ రుణం అందని చోట పట్టణపు అంగళ్లలో చీటీ ఆ లోటు తీర్చింది. ఉదాహరణకు ఇరవైమంది నెలకు 5,000 చొప్పున వేస్తే లక్ష రూపాయల చీటీ. అంగడి పెట్టదలచినవాడు తొలినెల పాటలో 25,000 తగ్గించుకొని 75,000 తీసుకుంటాడు. ఆ తగ్గింపు నుంచి నిర్వాహకుని కమిషన్ పోగా మిగిలినది సభ్యులు పంచుకుంటారు. అవసరం ఎక్కువైనవాడే ఎక్కువ వదులుకోవాలి. పూచీ మాత్రం ఆస్తిపత్రం కన్నా తెలిసిన మనుషుల మాట మీద ఆధారపడుతుంది. అందుకే ఇది తొందరగా అందుతుంది. అందుకే ఆ బంధువర్గానికి, ఆ అంగళ్ల వీధికి బయటివాడైనవానికి అందదు.

ఈ పరిధిని విస్తరింపజేసిన ప్రయత్నాలు రెండు. మొదటిది 1904 సహకార పరపతి సంఘాల చట్టంతో మొదలైన సహకారోద్యమం. రెండవది 1990 దశకపు మహిళా పొదుపు సంఘాలు. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం చేపట్టిన దక్షిణాసియా పేదరిక నిర్మూలన కార్యక్రమం కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాలలో సాగింది. ఓర్వకల్లు అందులో పేరు తెచ్చుకుంది. పదీపదిహేనుమంది ఆడవాళ్ల సంఘం, వాటి మీద గ్రామ సమాఖ్య, ఆపైన మండల సమాఖ్య అన్నది దాని నిర్మాణం. తాకట్టు పెట్టడానికి ఏమీ లేని మహిళ పాడికో, చిల్లర అంగడికో అప్పు తీసుకోగలగడం, వాయిదా తప్పినప్పుడు తనను ఎరిగినవారి మధ్యనే గడువు అడగగలగడం దీని విశిష్టత.

అదే పూచీ వసూలుకు ఆయుధం కూడా కాగలదు. సూక్ష్మరుణ సంస్థల ఏజెంట్లు ఇళ్ల ముందు కూర్చోవడం, తోటి సభ్యుల చేత ఒత్తిడి చేయించడం పెరిగిన నేపథ్యంలో 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వారం వాయిదాల స్థానంలో నెల వాయిదాలు, ఇంటి వద్ద వసూలుకు బదులు పంచాయతీ కార్యాలయం వద్ద చెల్లింపు అన్నవి దాని ముఖ్య నిబంధనలు. 1813 నాటి సాక్ష్యంలోని బంట్రోతు, రెండు శతాబ్దాల తరువాతి వసూలు ఏజెంటు ఒకే గడప ముందు నిలిచారు.

5. ముగింపు

2016లో మొదలైన స్టార్టప్ ఇండియా కార్యక్రమం అర్హత పొందిన అంకుర సంస్థలకు తొలి పదేళ్లలో వరుసగా మూడేళ్లు ఆదాయపు పన్ను మినహాయింపు ఇస్తోంది. లాభం వచ్చినవారికే ఉపయోగపడే వెసులుబాటు ఇది. ఓడ మునిగినవాడిని ఉద్దేశించిన మోటుపల్లి అభయం వేరు. సీమలోని చిన్న పట్టణపు వ్యాపారికి లాభం మీద పన్ను కన్నా, ఉద్దర వసూలు కాని ఏడాది పెద్ద గండం.

పై ఆధారాల నుంచి మూడు ప్రమాణాలు తేలుతున్నాయి. తొలి నష్టంలో సాయం చేసినవాడు భాగం పంచుకుంటున్నాడా? పూచీ తెలిసిన వర్గానికే పరిమితమా, బయటివారికీ అందుతుందా? పని సాగనప్పుడు పరువు, ఇల్లు పోగొట్టుకోకుండా విడిచిపోవచ్చునా? అనవోతారెడ్డి శాసనం మూడవదానికి సమాధానం చెప్పింది. పొదుపు సంఘాలు రెండవదానికి చాలావరకు చెప్పాయి. మొదటిదానికి గణపతిదేవుని తరువాత గట్టి సమాధానం అరుదు. కొప్పర్తిలో షెడ్లు లేవవచ్చు. వాటికి సరుకు అందించడానికి కమలాపురం నుంచి పూనుకునే మొదటితరం వ్యాపారికి మొదటి ఆర్డరు ఇచ్చి, డబ్బు సకాలంలో చెల్లించి, ఓడిపోతే గౌరవంగా వెనుదిరగనిచ్చే ఏర్పాటు ఉన్నప్పుడే ఆ షెడ్లు ఈ ఊరివి అవుతాయి.