కరగడం కూడా కళే

సికింద్రాబాద్‌కు ఆ పేరొచ్చింది 1806లో. పక్కనున్న హుస్సేన్‌సాగర్ దానికంటే రెండు శతాబ్దాలకు పైగా పెద్దది. ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నాటిది. కళలో పర్యావరణ స్పృహ అనగానే మనకు గ్యాలరీలు గుర్తొస్తాయి. నేనైతే రాణీగంజ్ దాటి ట్యాంక్‌బండ్ ఎక్కమంటాను.

నీళ్ల మధ్య ఏకశిలా బుద్ధుడు. 1990లో తీసుకెళ్తుంటే విగ్రహం చెరువులో పడి మనుషుల ప్రాణాలు పోయాయి. 1992లో పైకి తీసి నిలబెట్టారు. అది నిలిచి ఉండాల్సిన శిల్పం.

వినాయకుడిది వేరే లెక్క. చెరువు మట్టితో పుట్టి చెరువులోనే కలిసిపోవాలి. కరగడంతోనే ఆ శిల్పం పూర్తవుతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ఆ ముగింపునే తీసేసింది. తేలిక, చవక, నునుపు, అన్నీ నిజమే. కానీ త్వరగా కరగదు, పైగా రంగుల్లోని రసాయనాలు నీళ్లలో మిగులుతాయి. 2021లో ఆ విగ్రహాలను సాగర్‌లో కలపొద్దని హైకోర్టు చెప్పింది. ఆ ఒక్క ఏడాదికి సుప్రీంకోర్టు సడలించింది. 1954లో మొదలైన ఖైరతాబాద్ గణపతిని 2022లో 50 అడుగుల ఎత్తున మట్టితోనే చేశారు.

నా దృష్టిలో ఈ నగరపు పెద్ద పర్యావరణ కళాఖండం అదే. అయితే కూకట్‌పల్లి నాలా ఏడాది పొడవునా మురుగు మోసుకొస్తూనే ఉంది. బొమ్మ మట్టిదైతే సరిపోతుందా? అది కరగడానికి నీళ్లూ ఉండాలి కదా!