నోట్‌బుక్ కంప్యూటర్‌కు వైర్‌లెస్ అడాప్టర్ అమరిక: వినియోగదారులు పాటించవలసిన పద్ధతులు

ప్రత్యేక వ్యాసం

ఇంజనీరింగ్ ప్రవేశాలకు వెబ్ ఆప్షన్ల నమోదు, డిగ్రీ కళాశాలల్లో సీట్ల కేటాయింపు, ఉపకార వేతనాలకు దరఖాస్తు, ఉద్యోగ పరీక్షల ఫీజు చెల్లింపు మొదలైనవన్నీ నేడు ఇంటర్‌నెట్ ద్వారానే జరుగుతున్నాయి. వీటిలో ప్రతి ఒక్కదానికీ గడువు తేదీ ఉంటుంది. గడువు ముగిసే రోజున ఇంట్లోని ల్యాప్‌టాప్ నెట్‌వర్క్‌ను అందుకోలేకపోతే, విద్యార్థి హడావుడిగా నెట్ సెంటర్‌కు వెళ్లి తన హాల్‌టికెట్ సంఖ్యను, పుట్టిన తేదీని, పాస్‌వర్డ్‌ను పరాయి వారి చేతిలో పెట్టవలసి వస్తుంది.

పనికిరాదని అటక ఎక్కించిన నోట్‌బుక్ కంప్యూటర్లలో కొన్నింటికి నిజానికి ఉన్న లోపం ఒక్కటే. వాటిలోని వైర్‌లెస్ భాగం చెడిపోయి ఉంటుంది, లేదా కొత్త కాలపు నెట్‌వర్క్‌తో మాట్లాడలేని స్థితిలో ఉంటుంది. బొటనవేలంత అడాప్టర్‌ను అమర్చుకుంటే అవి తిరిగి వినియోగంలోకి వస్తాయి. అయితే పాత కంప్యూటర్‌ను ఎలాగైనా కలపాలన్న ఆత్రుతలో ఇంటి నెట్‌వర్క్ భద్రతను తగ్గించుకోవడం శ్రేయస్కరం కాదు. ఈ రెండు అంశాలపైనా వినియోగదారులకు అవగాహన కల్పించడం ఈ వ్యాసం ఉద్దేశం.

అడాప్టర్ పని ఏమిటి?

కంప్యూటర్‌లోని సమాచారాన్ని రేడియో తరంగాలుగా మార్చి రూటర్‌కు పంపడం, రూటర్ నుంచి వచ్చిన తరంగాలను తిరిగి సమాచారంగా మార్చడం వైర్‌లెస్ అడాప్టర్ చేసే పని. ఇందుకు ఆధారమైన 802.11 ప్రమాణం 1997లో వెలువడింది. అప్పట్లో దాని గరిష్ఠ వేగం సెకనుకు 2 మెగాబిట్లు మాత్రమే. 1999లో ‘బి’ రకం 11 మెగాబిట్లకు, 2003లో ‘జి’ రకం 54 మెగాబిట్లకు ఆ వేగాన్ని పెంచాయి. 2009లో ‘ఎన్’, 2013లో ‘ఏసీ’, 2021లో ‘ఏఎక్స్’ రకాలు ప్రమాణాలుగా ఆమోదం పొందాయి. ఈ చివరి మూడింటినే నేడు వైఫై 4, వైఫై 5, వైఫై 6 అనే పేర్లతో విక్రయిస్తున్నారు.

మన దేశంలో 2.4 గిగాహెర్ట్‌జ్ పౌనఃపున్యంలో తక్కువ శక్తితో పనిచేసే పరికరాలకు 2005 జనవరిలో కేంద్ర ప్రభుత్వం లైసెన్సు నుంచి మినహాయింపు ఇచ్చింది. 5 గిగాహెర్ట్‌జ్ శ్రేణిలో ఈ వెసులుబాటును 2018లో గణనీయంగా విస్తరించింది. ఇళ్లలో వైఫై వినియోగం పెరగడానికి ఈ నిర్ణయాలు దోహదం చేశాయి. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ అమరావతిలో ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్ తొలి దశను ప్రారంభించారు. ఇటువంటి పథకాల ద్వారా వచ్చిన తీగ ఇంటి గోడ దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి విద్యార్థి కూర్చున్న చోటు వరకు మిగిలిన పదడుగుల దూరాన్ని దాటించేది ఈ అడాప్టరే.

ముందుగా లోపాన్ని గుర్తించాలి

కొత్త అడాప్టర్ కొనడానికి ముందు ఉన్నది నిజంగా చెడిపోయిందో లేదో నిర్ధారించుకోవాలి. కొన్ని పాత నమూనాలలో ముందు అంచునో, పక్కనో వైర్‌లెస్ మీట ఉంటుంది. అది జరిగిపోయి ఉన్నా నెట్‌వర్క్‌లు కనిపించవు. మరికొన్నింటిలో ‘ఎఫ్ఎన్’ మీటతోపాటు యాంటెన్నా బొమ్మ ఉన్న మీటను నొక్కవలసి ఉంటుంది. ఏరోప్లేన్ మోడ్ ఆన్‌లో ఉన్నదేమో కూడా చూడాలి.

తరువాత విండోస్‌లోని డివైస్ మేనేజర్‌ను తెరిచి, ‘నెట్‌వర్క్ అడాప్టర్స్’ అనే శీర్షిక కింద చూడాలి. వైర్‌లెస్, వైఫై లేదా 802.11 అనే మాట ఉన్న పేరు కనిపిస్తే కంప్యూటర్ ఆ భాగాన్ని గుర్తించినట్లే. ఆ పేరుపై కిందికి చూపే బాణం గుర్తు ఉంటే ఎవరో దానిని నిలిపివేశారని అర్థం. కుడి మీట నొక్కి ‘ఎనేబుల్’ ఎంచుకుంటే సరిపోతుంది. పసుపు రంగు త్రికోణం ఉంటే సాధారణంగా లోపం డ్రైవర్‌లో ఉంటుంది. అసలు పేరే కనిపించకపోతే లోపలి కార్డు వదులు కావడమో, చెడిపోవడమో జరిగి ఉండవచ్చు. ఈ చివరి సందర్భంలోనే కొత్త అడాప్టర్ గురించి ఆలోచించాలి.

అడాప్టర్ ఎంపిక

నోట్‌బుక్ లోపల ఉండే కార్డును మార్చడం ఒక మార్గం. అయితే అడుగు భాగాన్ని విప్పి, సన్నని యాంటెన్నా తీగలను ఊడదీసి తిరిగి బిగించడం సున్నితమైన పని. పైగా కొన్ని పాత నమూనాలు తయారీదారు అనుమతించిన కార్డులను తప్ప ఇతర కార్డులను స్వీకరించవు. అందువల్ల సాధారణ వినియోగదారులకు యూఎస్‌బీ అడాప్టర్ సులువైన మార్గం.

కొనుగోలు సమయంలో మూడు విషయాలు గమనించాలి. మొదటిది, అది 2.4తోపాటు 5 గిగాహెర్ట్‌జ్‌ను కూడా అందుకోగల డ్యూయల్ బ్యాండ్ రకమేనా? 2.4 శ్రేణి గోడలను దాటి ఎక్కువ దూరం వెళ్తుంది. కాని ఇరుగుపొరుగు రూటర్లన్నీ అందులోనే ఉంటే రద్దీ పెరుగుతుంది. 5 శ్రేణి వేగవంతమైనదే కాని దూరం తక్కువ. రెండవది, డబ్ల్యూపీఏ3 భద్రతా విధానానికి అది అనుకూలమైనదేనా? మూడవది, తమ ఆపరేటింగ్ సిస్టంకు తగిన డ్రైవర్‌ను తయారీదారు అందిస్తున్నారా?

అట్టపెట్టెపై ముద్రించిన వేగం సిద్ధాంతపరమైన గరిష్ఠ వేగం మాత్రమేనని గుర్తించాలి. యూఎస్‌బీ 2.0 రంధ్రం సెకనుకు 480 మెగాబిట్లకు మించి మోయలేదు. కనుక పాత నోట్‌బుక్‌లో అంతకు మించిన వేగం కోసం అదనపు సొమ్ము వెచ్చించడం వృథా. విడియో పాఠాలకు, దరఖాస్తులకు సాధారణ డ్యూయల్ బ్యాండ్ అడాప్టర్ చాలు.

డ్రైవర్ అమరిక

అడాప్టర్‌ను ఎలా నడిపించాలో కంప్యూటర్‌కు తెలియజేసే సాఫ్ట్‌వేర్‌ను డ్రైవర్ అంటారు. కొన్ని అడాప్టర్లను గుచ్చగానే విండోస్ తనంతట తానే గుర్తిస్తుంది. కొన్ని తొలుత సీడీ డ్రైవ్ రూపంలో కనిపిస్తాయి. దానిని తెరిచి అందులోని సెటప్‌ను నడిపిస్తే డ్రైవర్ అమరి, అడాప్టర్ అసలు రూపంలో పనిచేస్తుంది.

ఈ రెండూ జరగనప్పుడు వినియోగదారు చిక్కులో పడతాడు. ఇంటర్‌నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి, డ్రైవర్ రావాలంటే ఇంటర్‌నెట్ కావాలి. దీనికి సులభ పరిష్కారం చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనే. ఫోన్‌ను ఛార్జింగ్ తీగతో నోట్‌బుక్‌కు కలిపి, సెట్టింగ్స్‌లో ‘యూఎస్‌బీ టెదరింగ్’ను ఆన్ చేస్తే ఫోన్‌లోని ఇంటర్‌నెట్ కంప్యూటర్‌కు అందుతుంది. తీగ సమాచారాన్ని కూడా మోసే రకమై ఉండాలి. రూటర్‌కు ల్యాన్ తీగను నేరుగా కలపడం మరొక మార్గం.

డ్రైవర్‌ను విండోస్ అప్‌డేట్ నుంచి గాని, తయారీదారు అధికారిక వెబ్‌సైట్ నుంచి గాని మాత్రమే తీసుకోవాలి. ఒకే నమూనా పేరుతో వచ్చిన అడాప్టర్లలో వేర్వేరు వెర్షన్లకు వేర్వేరు చిప్‌లు ఉండే అవకాశం ఉంది. కనుక పరికరంపై ముద్రించిన వెర్షన్ సంఖ్యను సరిచూసుకోవాలి. డ్రైవర్లన్నింటినీ ఉచితంగా వెతికిపెడతామని చెప్పే గుర్తు తెలియని సాఫ్ట్‌వేర్ల జోలికి పోరాదు. వాటి వెంట హానికర ప్రోగ్రాములు ప్రవేశించే ప్రమాదం ఉంది.

నెట్‌వర్క్‌కు అనుసంధానం

డ్రైవర్ అమరిన తరువాత తెరపై కుడివైపు దిగువన ఉన్న నెట్‌వర్క్ గుర్తును నొక్కి, తమ రూటర్ పేరును ఎంచుకుని పాస్‌వర్డ్ ఇవ్వాలి. పాస్‌వర్డ్‌లో చిన్న, పెద్ద అక్షరాల తేడాను పాటించాలి. ఇది ఏ రకమైన నెట్‌వర్క్ అన్న ప్రశ్నకు ఇంటి వద్ద ‘ప్రైవేట్’ అని, బస్ స్టేషన్లు, రైల్వే స్టేషన్లు, గ్రంథాలయాల వంటి చోట్ల ‘పబ్లిక్’ అని ఎంచుకోవాలి. పబ్లిక్ అని ఎంచుకున్నప్పుడు అదే నెట్‌వర్క్‌లోని ఇతరులకు మన కంప్యూటర్ కనిపించదు.

ఈ దశలో సాధారణంగా ఎదురయ్యే ఇబ్బందులు నాలుగు.

ఒకటి, ఇతరుల నెట్‌వర్క్‌లు కనిపిస్తూ తమది మాత్రం కనిపించకపోవడం. రూటర్ 5 గిగాహెర్ట్‌జ్‌లో మాత్రమే ప్రసారం చేస్తుండగా అడాప్టర్ 2.4 రకానిదైతే ఇలా జరుగుతుంది. రూటర్‌లో 2.4 శ్రేణిని కూడా ఆన్ చేయాలి.

రెండు, నెట్‌వర్క్‌కు కలిసినట్లు చూపినా ఇంటర్‌నెట్ రాకపోవడం. కంప్యూటర్ చిరునామా 169.254 అంకెలతో మొదలైతే రూటర్ నుంచి దానికి చిరునామా అందలేదని అర్థం. రూటర్‌ను ఒకసారి ఆపి తిరిగి ప్రారంభించాలి. కంప్యూటర్‌లో చిరునామా ‘ఆటోమేటిక్’ విధానంలో ఉన్నదో లేదో పరిశీలించాలి.

మూడు, ఇంటర్‌నెట్ వచ్చినా వెబ్‌సైట్లు భద్రతా హెచ్చరిక చూపి తెరుచుకోకపోవడం. ఏళ్ల తరబడి వాడని నోట్‌బుక్‌లో చిన్న బ్యాటరీ అయిపోయి తేదీ వెనుకబడుతుంది. తేదీని, సమయాన్ని సరిచేస్తే వెబ్‌సైట్లు తెరుచుకుంటాయి.

నాలుగు, పాస్‌వర్డ్ సరైనదే అయినా రూటర్ అంగీకరించకపోవడం. రూటర్ డబ్ల్యూపీఏ3 విధానాన్ని మాత్రమే పాటిస్తుండగా పాత అడాప్టర్‌కు అది తెలియకపోవడం దీనికి ఒక ముఖ్య కారణం. వినియోగదారులు ఎక్కువ జాగ్రత్త వహించవలసిన సందర్భం ఇదే.

తాళం తగ్గించరాదు

వైర్‌లెస్ నెట్‌వర్క్ ఇంటి గోడల వద్ద ఆగదు. వీధిలోకి, పక్క ఇంటిలోకి వ్యాపిస్తుంది. దానికి తాళం వంటిదే భద్రతా విధానం. తొలినాళ్లలోని వెప్ విధానాన్ని ఛేదించవచ్చని 2001లోనే పరిశోధకులు నిరూపించారు. దాని స్థానంలో 2003లో డబ్ల్యూపీఏ, 2004లో డబ్ల్యూపీఏ2, 2018లో డబ్ల్యూపీఏ3 వచ్చాయి.

పాత అడాప్టర్ కలవడం లేదన్న కారణంతో కొందరు రూటర్‌ను వెప్‌కు మార్చడమో, పాస్‌వర్డ్‌ను పూర్తిగా తొలగించడమో చేస్తారు. కంప్యూటర్ వెంటనే కలుస్తుంది. దానితోపాటు వీధిలోని ఎవరైనా కలవగలుగుతారు. 2008 జూలై 26న అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు ప్రసార మాధ్యమాలకు అందిన బెదిరింపు ఈ-మెయిల్, నవీ ముంబైలోని ఒక నివాసపు ఇంటర్‌నెట్ కనెక్షన్ నుంచి వెళ్లినట్లు దర్యాప్తులో వెల్లడైంది. రక్షణ లేని వైఫైని బయటివారు వాడుకున్నారు. సంబంధం లేని ఆ ఇంటివారు విచారణను ఎదుర్కొనవలసి వచ్చింది. దరిమిలా 2009 ఫిబ్రవరిలో వైఫై భద్రతపై కేంద్ర టెలికాం శాఖ ఇంటర్‌నెట్ సేవా సంస్థలకు ఆదేశాలు జారీ చేసింది.

కావున రూటర్‌లో డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3 రెండింటినీ అనుమతించే మిశ్రమ విధానాన్ని ఎంచుకోవాలి. దానికి కూడా అడాప్టర్ కలవకపోతే మార్చవలసింది అడాప్టర్‌ను గాని, ఇంటి తాళాన్ని కాదు. వైఫై పాస్‌వర్డ్ కనీసం 12 అక్షరాలతో, ఫోన్ నంబరు గాని, ఇంటిపేరు గాని లేకుండా ఉండాలి. రూటర్ సెట్టింగుల పాస్‌వర్డ్‌ను కూడా మొదటి రోజే మార్చుకోవాలి.

ఆపరేటింగ్ సిస్టం వయసు

నెట్‌వర్క్‌కు కలిసిన కంప్యూటర్ సురక్షితంగా ఉండాలంటే దాని ఆపరేటింగ్ సిస్టంకు భద్రతా సవరణలు అందుతూ ఉండాలి. విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కు 2025 అక్టోబరు 14న సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11కు సరిపడని పాత నోట్‌బుక్‌లలో ఉబుంటు, లినక్స్ మింట్ వంటి ఉచిత వ్యవస్థలను అమర్చుకోవచ్చు. అటువంటప్పుడు అడాప్టర్‌లోని చిప్ లినక్స్‌తో పనిచేస్తుందో లేదో ముందే విచారించుకోవాలి. మద్దతు లేని కంప్యూటర్‌పై బ్యాంకు లావాదేవీలు జరపకుండా ఉండడం మంచిది.

గడువుకు ముందే పరీక్షించాలి

విద్యార్థులు, తల్లిదండ్రులు ప్రవేశాల కాలం రాకముందే తమ కంప్యూటర్‌ను ఒకసారి ఆన్ చేసి, నెట్‌వర్క్‌కు కలిపి చూసుకోవడం ఉత్తమం. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ప్రయోజనం లేదు. చివరి రోజున ఇబ్బంది తలెత్తితే రూటర్ భద్రతను సడలించకుండా, ఫోన్ టెదరింగ్ ద్వారా దరఖాస్తు పూర్తి చేసి, అడాప్టర్ సంగతి మరునాడు చూసుకోవచ్చు. ఆన్‌లైన్ మోసానికి గురైన వారు జాలం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించుకోవాలి.

అటక మీది నోట్‌బుక్ ఒక విద్యార్థి సీటును నిలబెట్టగలదు. దానికి చిన్న అడాప్టర్, సరైన డ్రైవర్, గట్టి పాస్‌వర్డ్ తోడైతే చాలు.